ఆపుడు లేని ఆట

సకలజనుల సమ్మెలో బస్సు చక్రం కదలని రోజులు. జగిత్యాలలో సెల్‌ఫోన్ల దుకాణం మీది గది. సిరిసిల్ల మరమగ్గాల మనిషి నర్సింగం మెట్లెక్కి వచ్చి గడపకు ఇవతలే నిలబడ్డాడు. లోపల కంప్యూటర్ ముందున్న ధనుంజయ్‌కు ఆయనెవరో తెలియదు.

"చందా అయితే మొన్ననే ఇచ్చినం కాకా. జేఏసీ వాళ్ళు అచ్చి తీస్కపోయిండ్రు."

"చందా ఎవడడిగిండు?"

"మరి దేనికచ్చినవ్?"

"సెల్లుల బంతాట చేసింది నువ్వేనా?"

"బంతాటనా? గల్లీ గోల్ గావచ్చు. ఫుట్‌బాల్."

"పేరు నాకెర్క లేదు. కాలుతోని తంతరు. నువ్వేనా, కాదా?"

"నేనే. నేను, మా అక్క. ఇద్దరమే. లోపటికి రారాదు కాకా, గడపల నిలబడ్డవేంది?"

"ఈన్నే మంచిగున్నది."

"ఏ ఊరు?"

"సిరిసిల్ల."

"సిరిసిల్లనా! బస్సులు బందే గదా, ఎట్లచ్చినవ్?"

"చందుర్తి దాక ఇసుక ట్రాక్టర్. ఆన్నుంచి ఎవడో బండి మీద కోరుట్లకు ఎక్కిచ్చుకున్నడు. మా కాడ సెల్లు దుకాణపోడు నీ ఆట కోరుట్ల నుంచి అచ్చింది అన్నడు. కోరుట్లకు పోతే ఆడోడు మాది కాదు, జగిత్యాలది అన్నడు. మేడిపల్లి దాక నడిచిన. ఆన్నుంచి ఆటో."

"ఆట కోసం గంత దూరమా? ఫోన్ చేస్తే అయిపోతుండె. ఆట మొదలుపెట్టంగనే మా నంబర్ కనవడ్తది. తప్పులుంటే చెప్పుమనే పెట్టినం."

"ఫోన్ల చెప్పే ముచ్చట కాదు."

"సరే. ముందైతే నీళ్ళు తాగు. అక్కా, జెర్ర నీళ్ళు—"

"నీళ్ళొద్దు. మైల ఉన్న."

"అయ్యో. ఎవలు కాకా?"

"ఇంటామె."

"ఎప్పుడు?"

"వారం దాటింది. ఎల్లుండి దినాలు. నేను ఏడ్వనీకి రాలే, నా ముచ్చట ఇను. నీ ఆటకు ఆపుడు లేదు. ఆపుడు పెట్టు."

"ఏంది?"

"నడుమ ఆగేతట్టు ఒక బటన్. ఒత్తితే ఆగాలె. మల్ల ఒత్తితే ఆగినకాన్నుంచే నడవాలె. మగ్గం సాంచకు లేదా? హ్యాండిల్ గుంజితే ఆగుతది. గంత పెద్ద సాంచనే ఆగుతుంటే గింత ఆట ఎందుకాగదు?"

"నువ్వు ఆడుతవా కాకా?"

"నేనా? నాకేం పని లేదా? ఆమె ఆడేది."

"ఆమె అంటే... ఇంటామెనా? గా వయసుల ఫుట్‌బాల్ ఆడేదా?"

"నవ్వకు."

"నవ్వుతలేను."

"నవ్వినవ్. వాడకట్టంత నవ్వింది, నువ్వొకనివి ఎక్కువైతవా. కొడుకు భీవండిల సాంచలు నడుపుతడు. కొత్త సెల్లు కొనుక్కొని పాతది తల్లికిచ్చిండు. దాంట్ల ఉండె నీ ఆట. ఆమె నూలు కండెలు చుట్టేది. కరెంటు లేకుంటే కండెల మిషన్ తిరగది. గీ సమ్మె మొదలైనంక కరెంటు ఉన్నదెప్పుడు? ఇగ సెల్లు పట్టుకునేది."

"మంచిగనే ఉండె గదా, పొద్దు పోయేది."

"ఏం మంచిగ? పిలిస్తే రాకపోతుండె. మొదట్ల అచ్చేది. తర్వాత తర్వాత రాకపాయె. నీళ్ళియ్యవే అంటే, 'ఆగు, ఇది ఆగదు' అంటది. అన్నం పెట్టు అంటే, 'దీనికి ఆపుడు లేదయ్యా, అయిపోంగనే అస్త' అంటది."

"పది నిమిషాల ఆటనే గదా. నువ్వే ముంచుకుంటే అయిపోతుండె."

"బిందె నా పక్కకే ఉండె. అయితే? పెండ్లామున్న మనిషి చేత్తోని ముంచుకుంటడా?"

"నేనేమంటలేను. కానీ కాకా, ఇప్పుడు ఆమెనే లేదాయె. బటన్ ఎవలికి?"

"పిట్ట ముట్టలే."

"ఓ."

"మూడొద్దులకు మానేరు ఒడ్డున పెట్టినం. చాపల కూర పెట్టినం. కల్లు పెట్టినం. ఆమె సర్వపిండి అంటే పడి సచ్చేది, వదినె చేసుకొచ్చింది, గదీ పెట్టినం. కాకి అచ్చింది. సూసింది. ముట్టలే."

"మా తాతకు సుత ముట్టలే. బాయి కాడి భూమి అమ్మం అని మా నాయిన మాటిస్తేనే ముట్టింది."

"గదే. మనసుల ఏదో కొరత ఉన్నట్టు. తలొకడు ఒక మాటిచ్చినం. కొడుకు పెండ్లి చేస్తం అన్నం. ముట్టలే. తాగుడు ఇడుస్త అని నేనన్న. ముట్టలే."

"గది ఎన్నడన్న ఇడిసినవా కాకా?"

"ఎన్నోసార్లు ఇడిసిన. కాకికి నమ్మకం లేకపాయె. మా వాడ లీడర్ ఒకడు, కండువ ఏస్కొని అచ్చిండు. ఆమె జరంతోని పడుంటే ఆటో ఇప్పియ్యుమని వాని ఇంటికి పోయిన, ఇంట్ల లేడు. పిట్ట కాడికి మాత్రం తయారై అచ్చిండు. 'అక్కా, తెలంగాణ అస్తది, ముట్టు' అని ఒర్రిండు."

"ముట్టిందా?"

"దూరం పోయి రాయి మీద కూసున్నది."

"మరేం చేసిండ్రు?"

"అప్పుడు యాదికచ్చింది నాకు. జరంల సుత గదే కలవరిచ్చింది. నేను లే లే అని పిలుస్తున్న, లేపి కూసోబెట్టి దవఖానకు తీస్కపోదమని. కండ్లు తెరవది. 'దీనికి ఆపుడు లేదయ్యా, దీనికి ఆపుడు లేదు.' గదే మాట. దవఖాన గేటు కాడి దాక గదే. ఆమె నన్ను ఎన్నడు ఏదడగలే. చీర అడగలే, కమ్మలు అడగలే. గీ ఒక్కటే కొరత మిగిలింది దానికి."

"పిట్ట ముందట అన్నవా గీ మాట?"

"అన్న. కాకి రాయి మీదికెల్లి దిగింది. ఇస్తారి దిక్కు దుంకుకుంట అస్తుంది. 'ఆ ఆటకు ఆపుడు పెట్టిపిస్తనే, ముట్టు' అన్న. ఆ మాట ఇనంగనే లేసిపాయె. మల్ల రాలే."

"లేసిపోయిందా?"

"మాటలు కాదు, చేసి సూపియ్యి అన్నట్టు. ఆవుకు పెట్టి ఇంటికచ్చినం. ఎల్లుండి మల్ల పెట్టాలె. సెల్లు ఇస్తారి పక్కకే పెడుత. కాకి సూస్తుండంగ బటన్ ఒత్తుత. ఎట్ల ముట్టదో సూస్త."

"ఒక్క నిమిషం, ఫోను. హలో. ఆ, గల్లీ గోలే. యాడికెల్లి? కోరుట్లనా. చెప్పు తమ్మీ. గోలీ, గదే గోల్‌కీపర్, ముందుగాల్నే దుంకుతుండా? బంతి రాకముందే? ఎడమ దిక్కా, కుడి దిక్కా? సరే. రాసుకున్న. కొత్తదాంట్ల సూస్తం. ఆ, జై తెలంగాణ."

"గట్ల ఎందరికి చెప్తవ్, రాసుకున్న అని?"

"అందరికి. ఉత్తగ చెప్పుడు కాదు కాకా, నిజంగనే రాసుకుంట. అయితే ఎవలి మాట ఇనాలె? మల్యాల నుంచి ఒకడు ఆటల వాన తీసెయ్ అంటడు, బంతి జారుతుందట. వేములాడ నుంచి ఇంకొకడు వాన ఇంక పెంచు, మజా అస్తుంది అంటడు."

"నాకు వాన వద్దు. ఆపుడు గావాలె."

"గదే కష్టం. ఆపే బటన్ మస్తు మంది వద్దన్నరు. కోరుట్ల పోరలు పందెం పెట్టుకొని ఆడుతరు. గోల్ పడేటప్పుడు ఒకడు ఆపుతడు. తొండి ఆటయితది. ఒకరిద్దరు అడిగిండ్రు నిజమే, కానీ వద్దనేటోళ్ళే ఎక్కువ. ఎక్కువమంది వద్దన్నది పెట్టం."

"మెట్ల కాడ గోడ మీద జై తెలంగాణ అని రాసిందెవలు?"

"నేనే."

"తెలంగాణ వద్దనేటోళ్ళు ఎక్కువనా, కావాలనేటోళ్ళు ఎక్కువనా? అన్ని జిల్లాలు కలిపి చెప్పు."

"గది వేరే ముచ్చట."

"ఏం వేరే? ఎక్కువమంది వద్దంటే ఇయ్యం అని నువ్వే అంటున్నవ్. రేపు ఢిల్లీల గదే మాటంటే నువ్వు రోడ్డు మీద వంటెందుకు చేస్కుంటున్నవ్? ఇంట్లనే తిను."

"నోరు మూయిచ్చినవ్ కాకా."

"మూసుకొని పని చెయ్యి."

"నిజం చెప్పనా? బటన్ తయారే ఉన్నది. బతుకమ్మ పండుగ ముందే చేసిన. పోరలు పందెం ఆడేకాడ పనిచెయ్యది, ఒక్కరే ఆడుకునేకాడ చేస్తది. తొండి లేదు, లొల్లి లేదు. దుకాణాలకు పంపుదమనే సరికి అక్కనే ఆపింది."

"ఎందుకాపింది?"

"మస్తు మంది వద్దంటున్నరు అన్నది. ఫోన్లు ఎక్కువ తనే ఎత్తుతది గదా అని నేను అడగలే. అక్కా! ఓ అక్కా!"

"ఏందిరా ధనూ, ఒర్రుతవ్. చాయ్ పెడుతున్న గదా."

"ఈ కాక సిరిసిల్ల నుంచి అచ్చిండు. కాకా, గిదే మా అక్క, అనురాధ."

"దండాలు కాకా. లోపటికి రాండ్రి."

"మైల బిడ్డా. ఈన్నే ఉంట."

"కాక ఇంటామె పోయిందట అక్కా. మన ఆట ఆడేదట."

"ఆడామెనా? సిరిసిల్లల... ఏం పేరు కాకా?"

"లింగవ్వ."

"లింగవ్వనా?"

"ఏందక్కా? చాయ్ పొంగుతుంది సూడు."

"పొంగనియ్యి. ఏమైంది కాకా? ఎట్ల పోయింది?"

"జరం. ఆటోవోడు సమ్మె అన్నడు. డాక్టరు ఆలిశం చేసిండ్రు అన్నడు. ఎవని ముచ్చట వాడు చెప్పిండు. నడుమల అది పోయింది."

"నాకు తెల్వదు. నాకెవలు చెప్పలే."

"నీకెందుకు చెప్తరు? నువ్వేమైతవ్?"

"ఏం కాను. ఊకె అన్న. జరంల సుత ఆడిందా?"

"చాతనైనన్ని రోజులు ఆడింది. సెల్లు తలకాడి మెత్త కింద పెట్టుకున్నది."

"గెలిచిందా?"

"నాకేమెర్క?"

"గెలుస్తుండె ఈ నడుమ. మొదట్ల రోజు ఓడేది. ఓడినా సరే, సిరిసిల్ల జట్టే కావాలె, జగిత్యాల జట్టు నాకొద్దు అనేది."

"నీకెట్ల ఎర్క గియన్ని?"

"ఫోన్ చేసేది కాకా. మిస్‌డ్ కాల్ ఇచ్చేది, నేను చేసేదాన్ని."

"ఎన్నిసార్లు?"

"చేసేది."

"నాకు చెప్పలే."

"నీకు పని ఉంటదని కావచ్చు."

"సరే. నీకెర్కనే ఉన్నది కాబట్టి మంచిగైంది. దానికి ఆపుడు కావాలని నీకు చెప్పింది గదా?"

"చెప్పింది."

"మరి ఎందుకు పెట్టలే?"

"అది మంచిగ పనిచేస్తలేదు కాకా."

"ఏందక్కా, మంచిగనే చేస్తుంది! నువ్వే ఆడి సూసినవ్."

"నువ్వూకో ధనూ. మస్తు మంది వద్దన్నరు."

"గా ముచ్చట మేం తెంపేసినం అక్కా. పోరలకు అడ్డం రాదు. కాకా, సెల్లు తెచ్చినవా? గడప మీద పెట్టు, నేను తీస్కుంట. వైరు పెట్టి ఎక్కిస్త. పన్నెండింటికి కరెంట్ పోతది, గంతలనే కావాలె."

"ఎక్కియ్యకు."

"ఎల్లుండి దినాలక్కా. పిట్ట ముట్టలేదట. ఆపే బటన్ పెట్టిపిస్త అని పిట్ట ముందట మాటిచ్చిండట. మన తాత ముచ్చట యాదికున్నది గదా."

"పిట్ట ముందట గా మాట అన్నవా కాకా?"

"అన్న."

"ముట్టిందా?"

"ముట్టలేదంటుంటే. అస్తున్నది అస్తున్నట్టే లేసిపాయె."

"పోతది."

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు. ధనూ, నా మాట ఇను. ఎక్కియ్యకు."

"కారణం చెప్పక్కా. కోరుట్లోనికి గోలీ బాగుచేస్తం, మల్యాలోనికి వాన తీసేస్తం. చచ్చిపోయినామె అడిగిన ఒక్కటి చెయ్యమా?"

"కాకా, ఇంకోటి చేద్దాం. సిరిసిల్ల జట్టుల లింగవ్వ పేరు పెడుదం. తొమ్మిదో నంబర్ అంగీ మీద పేరుంటది. ఆడినోళ్ళందరు సూస్తరు."

"పేరేం చేసుకోవాలె? దాని పేరు నాకెర్క లేదా?"

"గోల్ కొట్టినప్పుడల్లా పేరస్తది కాకా."

"పేరొద్దు, బొమ్మొద్దు. మా లీడర్ సుత గిట్లనే, ఆటో కోసం పోతే ఇంట్ల లేడు, ఆమె పోయినంక అచ్చి ఫ్లెక్సీ కట్టిస్త అన్నడు. అడిగిందొకటి, ఇచ్చేదొకటి. నీకేం పోతది బిడ్డా? నీ అయ్య సొమ్మా? ఒక బటన్. మూడొద్దులకు ముట్టలే, ఎల్లుండి సుత ముట్టకుంటే నేను ఊళ్ళె ఎట్ల తిరగాలె? 'ఏం కొరత పెట్టిండో పెండ్లానికి' అని ముందట్నే అంటున్నరు. నేనేం కొరత పెట్టిన? కొట్టిన్నా? తిండి పెట్టలేదా?"

"నిన్ను నేనేమనలే కాకా."

"అనకున్నా సూస్తున్నవ్ గదా గట్ల. ఎవలు వద్దన్నరో పేరు చెప్పు. కోరుట్లోళ్ళయితే మల్ల నడిచిపోత. కాళ్ళు పట్టుకుంటనో, గల్లా పట్టుకుంటనో నా ఇష్టం."

"పోరలు కాదు."

"మరెవలు?"

"ఒకామె."

"ఒక్కామెనా? మస్తు మంది అన్నవ్ గదక్కా నాతోని!"

"నువ్వు ముందు గా వైరు తియ్యి ధనూ."

"తీస్తున్న. ఎక్కింది, అయిపోయింది. ఇగో కాకా, సెల్లు. ఆట మొదలైంది సూడు. గీ మూలకు రెండు గీతలు నిలబడి ఉన్నయి గదా. గదే."

"గింతనా? గింత దానికి గింత లొల్లా? ఒత్తుదునా?"

"ఒత్తకు కాకా."

"ఎందుకొత్తద్దు? ఎవలా ఆడిది? ఒక్కతి వద్దంటే ఆపుతవా నువ్వు? ఏ ఊరు దానిది?"

"సిరిసిల్లనే."

"మా ఊరిదా! మొగడు లేడా దానికి?"

"ఉన్నడు."

"ఉండి ఏం చేస్తుండు? అది ఆట పట్టుకొని కూసుంటే, బటన్ వద్దు గిటన్ వద్దు అని ఊళ్ళకు ఫోన్లు చేస్తుంటే, వాడేం గడ్డి తింటుండా?"

"పిలుస్తడు."

"ఏంది?"

"పిలుస్తడు అన్నది. మంచోడే అన్నది. కొట్టడట, కొరత పెట్టడట. ఊకె పిలుస్తడట."

"ఎందుకు?"

"ఎందుకో ఒకందుకు. బిందె పక్కకే ఉంటదట కాకా, అయినా పిలుస్తడట."

"అక్కా..."

"నువ్వూకో ధనూ. ఇగ చెప్పనియ్యి. మొదలు బటన్ అడిగిందే ఆమె కాకా. 'లేసిపోయి అచ్చేసరికి గోల్ పడ్తుంది బిడ్డా, రోజు ఎన్నిసార్లు ఓడాలె' అని నవ్వేది. తర్వాత లేసుడు బంద్ చేసింది. గెలుసుడు మొదలువెట్టింది. నాకు గది తెల్వదు. బటన్ తయారైంది, పండుగ ముందట చెప్తే సంబురపడతది అని నేనే ఫోన్ చేసిన."

"పడలేదా?"

"ఏడ్సింది."

"ఏడ్సుడెందుకు బిడ్డా? అడిగింది చేసిండ్రు గదా. ఏమన్నది?"

"'పెట్టకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత. ఇప్పుడైతే దీనికి ఆపుడు లేదయ్యా అని చెప్పి, అయిపోయేదాక జెర్రంత కూసుంటున్న. బటన్ ఉన్నదని ఎర్కైతే, ఆపి రా అంటడు' అన్నది."